ముక్కు కింద వేలు

జ్ఞానమ్మ పిరికిది. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఉరిమితే భయం, కుక్క మొరిగితే భయం, టెలిగ్రాం పట్టుకుని పోస్టుమాన్ వీధిలోకొస్తే అది పక్కింటికైనా సరే ఆవిడకు కాళ్లు వణికేవి. తెనాలి మారీసుపేటలో ఆవిడ భయం సంగతి ఎరగని కొంప లేదు. భర్త సుందరయ్య మిషను బడిలో లెక్కల మాస్టరు. "మా ఆవిడ భయపడ్డానికి కారణం అక్కర్లేదండి, కాస్త తీరిక దొరికితే చాలు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది.

కారణం లేక కాదు. పెళ్లయిన రెండో ఏడు ఆడపిల్ల పుట్టింది. అయిదో నెలలో ఒకరోజు పొద్దున్నే పాలు తాగి ఉయ్యాల్లో నిద్రపోయింది. 'ఇవాళ బాగా నిద్రపోతోంది నా తల్లి' అనుకుని జ్ఞానమ్మ అంట్లు తోముకుంది, బట్టలు ఉతుక్కుంది, కూర తరుక్కుంది. ఎన్నాళ్లకో ఇన్ని పనులు ఒక్క ఊపున తెమిలాయని సంతోషపడింది కూడా. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూస్తే బిడ్డ ఒళ్లు చల్లగా ఉంది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు.

ఆ తరవాత ఎజ్రా పుట్టాడు. వాడు నిద్రపోతే ఈవిడ నిద్రపోయేది కాదు. చూపుడువేలు వెనక్కి తిప్పి వాడి ముక్కు కింద పెట్టేది. వెచ్చగా ఊపిరి తగిలితే లేచి నాలుగడుగులు వేసేది, మళ్లీ వచ్చి పెట్టేది. వాడికి మీసాలొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఒకసారి వాడు ఉలిక్కిపడి లేచి "అమ్మా, నేను బతికే ఉన్నానే, పడుకో" అని కేకలేశాడు.

ఇంత పిరికి మనిషి పదిమంది పిల్లల్ని చూసే పని నెత్తికెత్తుకుందంటే మీరు నమ్మకపోయినా నేనేం అనను. కానీ జరిగింది. ఎనభైమూడులో ఎదురింట్లోకి సరోజిని అని ఒకమ్మాయి అద్దెకొచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. బాలింత సెలవు అయిపోయింది, అత్తగారు లేదు, అమ్మది చేబ్రోలు, మంచంలో ఉంది. మూడునెలల పిల్లాణ్ని ఎత్తుకుని ఒక సోమవారం పొద్దున గుమ్మంలో నిలబడింది.

"పిన్నిగారూ, సాయంత్రందాకా వీణ్ని కాస్త చూసిపెడతారా?"

"నేనా! నాకు భయం తల్లీ. నా సంగతి నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారండి. అందుకే వచ్చాను" అంది సరోజిని. "భయపడేవాళ్లయితేనే కళ్లు పిల్లాడి మీద ఉంటాయండి."

జ్ఞానమ్మ చేతులు చాచింది. అదీ మొదలు.

సరోజిని ఎక్స్ఛేంజిలో చెప్పింది, ఎక్స్ఛేంజివాళ్లు బ్యాంకులో చెప్పారు, బ్యాంకువాళ్లు బడి పంతులమ్మలకి చెప్పారు. ఏడాది తిరిగేసరికి ఏడుగురు, రెండేళ్లకి పద్దెనిమిది మంది. ముందు గది చాల్లేదు, తరవాత వరండా చాల్లేదు. ఆఖరికి చెంచుపేటలో శ్రీరామచంద్రమూర్తిగారి మేడకింద భాగం తీసుకున్నారు. గుమ్మానికి 'కృపా శిశువిహార్' అని బోర్డు పెట్టారు. జనం మాత్రం ఆ పేరు ఒక్కరూ అనలేదు. జ్ఞానమ్మగారి ఇల్లు అనే అనేవాళ్లు.

మూర్తిగారు రిటైరైన తాసీల్దారు. మనిషి మంచివాడే. ఒక్కటే షరతు పెట్టాడు. "అమ్మా, మధ్యాహ్నం ఒంటిగంట నించి మూడింటిదాకా నేను నడుం వాలుస్తాను. ఆ రెండు గంటలూ నాకు ఏడుపు వినపడకూడదు. వినపడ్డ రోజు ఇల్లు ఖాళీ చెయ్యాలి." అంతే అన్నాడు. అరవలేదు, కసరలేదు. అరిచి ఉంటే ఆవిడ మర్చిపోయేదేమో. మెల్లగా చెప్పేసరికి గుండెలో మేకు దిగినట్టు దిగింది.

అప్పట్నించి ఆ ఇంట్లో ఒంటిగంట అంటే ఒంటిగంటే. పన్నెండున్నరకి అన్నాలు అయిపోవాలి. తరవాత ఒక్కొక్కళ్లకీ ఇత్తడి ఉగ్గుగిన్నెతో వాము నీళ్లు పట్టాలి. వాము దంచి కాచి వడగట్టిన నీళ్లు. కడుపులో గాలి పోతుంది, పిల్లలు హాయిగా పడుకుంటారు. తల్లులకి ఆ వాము నీళ్లంటే ఎంత గురో చెప్పలేను. శని ఆదివారాలకని సీసాల్లో పోయించుకుని పట్టుకెళ్లేవాళ్లు. ఇక చాపలు వరసగా పరవడం, జోకొట్టడం, వేలు వెనక్కి తిప్పి ఈ చివర నించి ఆ చివరకి ముక్కులన్నీ చూసుకుంటూ పోవడం. చివరికి చేరేసరికి మొదటివాడి మీద అనుమానం. మళ్లీ మొదలు.

అయినా ఇరవైమంది పిల్లలున్న చోట ఒక్కడైనా నిద్రపోడు. అది ఎక్కడైనా అంతే. ఆ ఒక్కణ్ని జ్ఞానమ్మ భుజాన వేసుకుని పెరట్లోకి, పెరట్లో నించి వెనక సందులోకి, సందులో నించి కాలవ గట్టుకి తీసుకుపోయేది. మూడింటిదాకా ఎండలో కొంగు కప్పుకుని అటూ ఇటూ నడిచేది. ఆ నడకతోనే ఆవిడ కాళ్లు అరిగాయి గానీ మూర్తిగారి నిద్ర చెడలేదు. తొంభై ఒకటిలో ఆయన కాలం చేశాడు. ఆయన పోయాక ఆ షరతు కూడా పోవాలి కదా! పోలేదు. ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. ఒంటిగంటకి చప్పుడు ఉండకూడదు, అంతే.

ఈ లోపల ఎజ్రా డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక, అమ్మ నడిపే ఇల్లు గమనించాడు. చురుకైనవాడు, నవ్వుమొహం వాడు, కానీ ఒకచోట నిలవడు. "అమ్మా, నీ చేతిలో ఇంత పేరుంది. తెనాల్లోనే ఎందుకు కూర్చోవాలి?" అన్నాడు. ఎనభైతొమ్మిదిలో బాపట్లలో ఇల్లు తీసుకుని జ్ఞానమ్మ చెల్లెలు కృపమ్మని కూర్చోబెట్టాడు.

"ఒరేయ్, నా వేలు బాపట్లదాకా రాదురా" అని జ్ఞానమ్మ మొత్తుకుంది.

"పిన్నికీ వేళ్లున్నాయిలేవే!" అన్నాడు వాడు.

మరుసటి ఏడు మేలో గాలివాన వచ్చింది. జ్ఞానమ్మ ఆ పూట చెల్లెల్ని చూడ్డానికి వెళ్లి బాపట్లలోనే చిక్కుపడింది. తల్లులు రావడానికి దారుల్లేవు. పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు ఆడవాళ్లు, పైన పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. కృపమ్మ చెవులు మూసుకుంది. జ్ఞానమ్మ మాత్రం బైబిలు ఒళ్లో పెట్టుకుని ఆ ఏడుపు వింటూ కూర్చుంది. "ఏడవనీవే. పద్నాలుగు గొంతులూ వినపడుతున్నాయి, లెక్క సరిపోయింది" అంది. మర్నాడు మోకాటి లోతు నీళ్లలో తల్లులొచ్చి ఎవరి బిడ్డని వాళ్లు అందుకున్నారు. దాంతో పేరు రెండు జిల్లాలు పాకింది. జ్ఞానమ్మ మాత్రం ఆరోజు తాను అన్న మాట తానే మర్చిపోయింది. గుర్తుంచుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తొంభైరెండులో ఎజ్రాకి రిబ్కాతో పెళ్లి చేశారు. అమృతలూరు పిల్ల. మెత్తటిది, మాట పైకి రాదు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. తొంభైమూడులో రేపల్లెలో మూడో ఇల్లు తెరిచి దాన్ని రిబ్కాకి అప్పజెప్పారు. ఎజ్రా పెద్ద బోర్డు రాయించాడు. పేరు కింద ఎర్ర అక్షరాలతో ఇంకో వరస కూడా వేయించాడు: 'ఇక్కడ పిల్లలు ఏడవరు.'

ఆ వరస చూసి జ్ఞానమ్మకి ఒక్క క్షణం ఏదో అయింది. ఆ వెంటనే గర్వపడింది. ఇన్నేళ్లు కాళ్లరిగేలా నడిచింది తనే కదా! కోడల్ని దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ అప్పజెప్పింది. వాము ఎంత, నీళ్లెంత, వేలు ఎలా పెట్టాలి. "ఒక్కటి గుర్తుపెట్టుకో అమ్మాయ్. ఒంటిగంట తరవాత మనింట్లో ఏడుపు వినపడకూడదు. వినపడిందా, మన పేరు పోయినట్టే" అంది. రిబ్కా తలూపింది. నిద్రపోని వాణ్ని భుజానేసుకుని కాలవ గట్టున నడవాలన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది కూడా ఒకరికి చెప్పాల్సిన విషయమని ఆవిడకి తట్టలేదు.

రేపల్లె ఇల్లు బాగా నడిచింది. ఎనిమిది మంది పదహారయ్యారు, పదహారు ఇరవై నాలుగయ్యారు. ఎజ్రా వచ్చినవాళ్లని వచ్చినట్టు చేర్చుకున్నాడు. చూసేది రిబ్కా, సాయం కాంతమ్మ అనే ఆయా. జ్ఞానమ్మ నెలకోసారి శనివారం రైలెక్కి వెళ్లి చూసొచ్చేది. శనివారం సగం మంది పిల్లలు రారు, పన్నెండుకే ఇల్లు ఖాళీ. అన్నీ బాగానే కనపడేవి.

తొంభై అయిదు జులైలో ఒక ఆదివారం సాయంత్రం, గుడిలో ఆరాధన నించి వచ్చి జ్ఞానమ్మ ఇంకా చీరైనా మార్చుకోలేదు, గుమ్మంలో ఒకమ్మాయి చంకలో పిల్లతో, చేతిలో జామకాయల సంచీతో నిలబడి ఉంది. పేరు లలిత. రేపల్లె మండలాఫీసులో గుమాస్తా. పదకొండు నెలల కూతురు మానసని రిబ్కా దగ్గర వదులుతోంది. తెనాల్లో చుట్టాలింటికొచ్చి, పనిగట్టుకుని చూసిపోదామని వచ్చింది.

"మీకు దణ్ణం పెట్టుకోవాలని వచ్చానండి పిన్నిగారూ. ఇది పుట్టిన దగ్గర్నించీ ఒకటే ఏడుపండి. మా అమ్మ కూడా విసిగిపోయింది. మీ రిబ్కాగారి దగ్గర చేరాక చూడాలి! ఎంత బాగా నిద్రపోతోందోనండి. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లాక కూడా ఇంకా ఆ మత్తులోనే ఉంటుంది. వాము నీళ్ల మహిమ అంటారండి రిబ్కాగారు."

జ్ఞానమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. 'బాగా నిద్రపోతోంది' అన్న మాట ఎవరు అన్నా ఆవిడకి ఒంట్లో చలి పుడుతుంది. వాము నీళ్లు తాగిన పిల్ల సాయంత్రం దాకా మత్తులో ఉంటుందా? పదేళ్లుగా కాస్తోంది, పడుతోంది. ఏ ఒక్కడూ మూడున్నర దాటి పడుకోలేదు. లేచి చిందులేస్తారు.

"జామకాయలు బావున్నాయి తల్లీ" అని మాత్రం అంది.

లలిత వెళ్లగానే సుందరయ్యతో చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి "ఇదిగో, మళ్లీ తీరిక దొరికింది నీకు" అన్నాడు. తెల్లవార్లూ పక్క మీద దొర్లింది. సోమవారం పొద్దున తెనాలి ఇల్లు ఆయాలకి అప్పజెప్పి, ఎవరికీ చెప్పకుండా రేపల్లె ప్యాసింజరు ఎక్కింది.

ఆ బండి సంగతి తెలిసిందే. వేమూరులో ఆగింది, భట్టిప్రోలులో ఇంకా ఎక్కువసేపు ఆగింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ "ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అమ్మా, అలా ఉన్నారు?" అని అడిగింది. "ఎవరికీ ఏమీ లేదండి" అంది జ్ఞానమ్మ. 'ప్రభువా, నా భయం వట్టిదే అనిపించు. రేపు మా ఆయన వీధంతా చెప్పి నవ్వనీ, నవ్వనీ' అనుకుంది. రిక్షా దిగేసరికి ఒంటిగంటా పది.

గేటు దగ్గరే నిలబడిపోయింది. చెవి పెట్టి వింది. తెనాలి ఇంట్లో ఇదే వేళకి ఎంత నిశ్శబ్దమన్నా ఏదో ఒకటి వినపడుతుంది. ఒకడు దగ్గుతాడు, ఒకడు వేలు చీకుతాడు, ఒకతె గోడకి కాళ్లు తన్నుతుంది. ఇక్కడ ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బలవంతాన గడప దాటింది.

ఇరవై నాలుగు మంది పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. ఒక్క వేలు కదలడం లేదు. కాంతమ్మ గోడకి ఆనుకుని కునుకుతోంది. వంటింటి గుమ్మంలో రిబ్కా కంచం ముందు కూర్చుని తీరిగ్గా అన్నం తింటోంది. అత్తగార్ని చూసి గబుక్కున లేచింది.

"అత్తయ్యా! ఇవాళొచ్చారేంటి? భోంచేశారా?"

జ్ఞానమ్మ చాపల వైపు నడిచింది. మొదటి చాప దగ్గర కూలబడి వేలు పెట్టింది. ఊపిరి ఉంది. రెండోవాడు, ఉంది. మూడోదాని బుగ్గ గిల్లింది. ఆ పిల్ల మొహం చిట్లించలేదు, పక్కకి తిరగలేదు. చెయ్యి పైకెత్తి వదిలితే తడిగుడ్డలా చాప మీద పడింది. ఆవిడ లేవకుండా మోకాళ్ల మీదే వరసంతా పాక్కుంటూ పోయింది. ప్రతివాడి ముక్కు కిందా వేలు. ఉంది, ఉంది, ఉంది. మూలన కిటికీ పక్కన ఒక ఉయ్యాల ఉంది. అందులో మానస.

వేలు పెట్టింది. ఏమీ తగల్లేదు.

నా చేతే మొద్దుబారింది అనుకుంది. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. లేదు. ముప్పై రెండేళ్ల కిందటి ఉయ్యాల ముందు నిలబడ్డట్టే ఉంది, చేతికి అంట్ల బూడిద వాసన కూడా తెలిసింది. అప్పుడు ఒక ఊపిరి వచ్చింది. సన్నగా, చల్లగా. తరవాత ఎంతసేపటికో గానీ ఇంకోటి రాలేదు. పిల్ల పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి.

చిత్రం ఏంటంటే, ఉరిమితే వణికే ఆ మనిషి అప్పుడు వణకలేదు. భయం పోలేదు, చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి. పిల్లని భుజాన వేసుకుని అరికాళ్ల మీద వేళ్లతో కొట్టింది. వంటింటి గట్టు మీద కడక్కుండా ఉన్న ఉగ్గుగిన్నె అందుకుని నాలికకి తగిలించుకుంది. వాము ఘాటు లేదు. తియ్యగా ఉంది, ఆ తీపి కింద చేదు ఉంది.

"ఏం పట్టావు రిబ్కా?"

"వాము నీళ్లే అత్తయ్యా."

"రిబ్కా!"

"వాము నీళ్లే..."

"అమ్మాయ్, నీ భయం నాకు తెలుసు. నీ భయం సాయంత్రం చూద్దాం. ఈ బిడ్డ ఆగదు. ఏం పట్టావు, ఎంత పట్టావు?"

రిబ్కా చేతిలో అన్నం మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ చేత్తోనే బియ్యం డబ్బా వెనక నించి ఒక సీసా తీసిచ్చింది. పిల్లలకి మత్తొచ్చే జలుబు మందు. వాము నీళ్లలో కలుపుతోంది. ఎన్నాళ్లుగానో అడిగే టైము లేదు.

"మానసకి కాంతమ్మ ఒక గిన్నె పట్టింది. ఇది కాస్త కక్కింది. పోయిందేమో అనుకుని నేను ఇంకోటి పట్టాను" అంది రిబ్కా. అని గోడకి జారిపోయింది.

"కూర్చోకు! లే! నువ్వూ కాంతమ్మా కలిసి అందర్నీ లేపండి. నీళ్లు చల్లండి, గిల్లండి, ఏమైనా చెయ్యండి. ఒక్కొక్కడూ గొంతెత్తి ఏడ్చేదాకా వదలొద్దు. ఏడవనివాళ్లని డాక్టరు దగ్గరికి మోసుకురండి" అని జ్ఞానమ్మ వీధిలోకి పరిగెత్తింది. అరవై దగ్గరపడుతున్న మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి!

రిక్షాలో వేలు ముక్కు కిందే ఉంది. ఊపిరి వచ్చినప్పుడల్లా "స్తోత్రం" అంటోంది. రానప్పుడు అరికాలి మీద కొడుతోంది, మొహాన ఊదుతోంది. ఒకసారి ఎంతకీ రాలేదు. రిక్షా అతను వెనక్కి తిరిగి చూసి బండి ఆపబోయాడు. "ఆపకు నాయనా, నీ కాళ్లకి మొక్కుతాను, తొక్కు!" అని అరిచింది. ఆ అరుపుకేనేమో, పిల్ల గట్టిగా ఒక ఊపిరి పీల్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సీసా చూసింది, పిల్లని చూసింది, మాట్లాడకుండా లోపలికి తీసుకుపోయింది. సూది గుచ్చింది, ముక్కుకి గొట్టం పెట్టింది. "ఎంత పట్టారో నిజం చెప్పండి. తగ్గించి చెప్తే నష్టం పిల్లకే" అంది. "రెండు గిన్నెలండి. ఒకటి కొంత కక్కిందట" అని జ్ఞానమ్మ చెప్పింది. "ఊపిరి చూస్తూ ఉండాలి. ఆగినట్టనిపిస్తే పిలవండి" అంది డాక్టరమ్మ. ఆ పని ఒకరు నేర్పనక్కర్లేదు కదా ఆవిడకి.

లలితకి కబురు పంపారు. మండలాఫీసు జీపులో పల్లెలకి వెళ్లింది, అయిదింటికి గానీ రాదన్నారు. మూడింటికి ఎజ్రా వచ్చాడు. వాడి మొహాన నవ్వు లేదు. మిగతా పిల్లలంతా లేచారు, అందరూ ఏడుస్తున్నారు, వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తోందని చెప్పాడు. జ్ఞానమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. మూడున్నర దాటాక మానస మొహం ముడుచుకుంది, పెదవి వణికింది, కేర్‌మంది. ఆ కేక ఆస్పత్రి బయటికి వినపడింది. జ్ఞానమ్మ అప్పుడు వణకడం మొదలుపెట్టింది. ఎజ్రా పట్టుకోకపోతే బల్ల మీద నించి పడిపోయేదే.

"ఇంకేం ఫరవాలేదు. ఒక గంట చూసి తీసుకెళ్లండి" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక ఎజ్రా గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మా, పిల్ల బాగానే ఉందిగా. జ్వరం వచ్చి సొమ్మసిల్లిందని చెబుదాం. నిజం తెలిస్తే రిబ్కాని స్టేషనుకి ఈడుస్తారే. రేపల్లే కాదు, బాపట్ల పోతుంది, తెనాలి పోతుంది. పన్నెండేళ్ల నీ కష్టమే అదంతా."

"రిబ్కా ఏమంటోంది?"

"ఏమంటుంది! ఏడుస్తోంది. పిల్లలు ఏడిస్తే నువ్వు ఇల్లు మూయించేస్తావని భయమట. బోర్డు చూసి వీధిలోవాళ్లు ఎగతాళి చేస్తారని భయమట. నాకు చెప్పడానికీ భయమట."

జ్ఞానమ్మకి మూర్తిగారి షరతు గుర్తొచ్చింది. మెత్తగా చెప్పిన ఒక్క మాటకి పదేళ్లు ఎండలో నడిచింది తను. ఆ మాటనే అంత మెత్తగానూ ఈ పిల్లకి అప్పజెప్పింది. నడవడానికి రిబ్కాకి కాలవ గట్టు లేదు, భుజం ఒక్కటే, ఏడ్చేవాళ్లు ఏడెనిమిది మంది. తలుచుకుంటే ఆవిడకి కోడలి మీద కోపం రాలేదు, తన మీద రోత పుట్టింది.

"ఆ పసిదానికి మందు మళ్లీ తిరగబెడితే? ఇవాళ సాయంత్రం మత్తుగా ఉంటే, 'బాగా నిద్రపోతోంది' అనుకుని వాళ్లమ్మ వంట చేసుకుంటే?" అంది. "నేను చెప్తానురా."

"అమ్మా, నీకు అందరన్నా భయం. ఇప్పుడెక్కణ్నించి వచ్చింది ఈ ధైర్యం?"

"ధైర్యం కాదురా సన్నాసీ. భయమే."

ఇంటికి రాగానే సున్నం కుంచె అడిగి, స్టూలెక్కి, బోర్డు మీద ఎర్ర అక్షరాల వరస తనే కొట్టేసింది. సున్నం తడారకముందే తల్లులు రావడం మొదలైంది. గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్క బిడ్డనీ చేతికిస్తూ, ఒక్కొక్కరికీ అదే చెప్పింది. "మీ బిడ్డకి మేం జలుబు మందు పట్టి నిద్రపుచ్చాం. తప్పు మాది. డాక్టరమ్మకి చూపించండి." ఒకావిడ నోటికొచ్చినట్టు తిట్టింది. ఒకావిడ నమ్మలేక "మీరు హాస్యమాడుతున్నారండి" అంది. ఒకాయన సైకిలు కింద పడేసి లోపలికి దూసుకెళ్లబోతే ఎజ్రా అడ్డం నిలబడి చెంపదెబ్బ తిన్నాడు. రిబ్కా వంటింట్లో దాక్కోలేదు. వచ్చి అత్తగారి వెనక నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని అన్నీ వింది.

అయిదున్నరకి లలిత వచ్చింది. జీపు దుమ్ము ఇంకా మొహాన ఉంది. మానస జ్ఞానమ్మ భుజం మీద నిద్రపోతోంది. ఈసారిది మామూలు నిద్రే, డాక్టరమ్మ చూసి చెప్పిన నిద్రే. జ్ఞానమ్మ మొదటినించీ చెప్పింది. ఉయ్యాల దగ్గర ఏం చూసిందో, రిక్షాలో ఊపిరి ఎక్కడ ఆగిందో, ఏదీ దాచలేదు. తన మొదటి బిడ్డ సంగతి కూడా నోటిదాకా వచ్చింది. అది చెప్తే ఈవిడ జాలిపడుతుందేమో అనిపించి మింగేసింది.

లలిత తిట్టలేదు. ఆఫీసు సంచీ గేటుకి తగిలించి చేతులు చాచింది.

"నిన్న మీకు జామకాయలు తెచ్చానండి" అంది.

"అవును తల్లీ."

అంతే. పిల్లని గుండెలకి పట్టుకుని వెనక్కి తిరిగింది. సంచీ గేటుకే ఉండిపోయింది. ఎజ్రా తీసుకుని వెంట వెళ్లబోతే జ్ఞానమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

లలిత కిళ్లీకొట్టు దాకా నడిచి ఆగింది. భుజం మీద నించి పిల్ల తలని జాగ్రత్తగా మోచేతి మీదికి తెచ్చుకుంది. చూపుడువేలు వెనక్కి తిప్పి ముక్కు కింద పెట్టింది. ఆ వేలు అలా పెట్టాలని ఆవిడకి ఎవరూ నేర్పలేదు. కాసేపు అలాగే నిలబడి నాలుగడుగులు వేసింది. మళ్లీ ఆగింది, మళ్లీ పెట్టింది. నాలుగడుగులు, మళ్లీ.

మలుపు తిరిగేదాకా జ్ఞానమ్మ గేటు పట్టుకుని చూస్తూనే ఉంది. మూడు ఊళ్లలో అంతమంది తల్లులు ఆవిడ చేతిలో బిడ్డల్ని పెట్టారు. ఆవిడ ఒక తల్లి చేతిలో తన భయం పెట్టి పంపింది. "రిబ్కా, గేటు వెయ్యమ్మా" అంది. రిబ్కా గేటు వేసింది.